ఎడమ వైపు వంగి ఉన్నవాడు

బడి, బొమ్మల గది
వానాకాలం మొదట్లో

మామయ్యకి నమస్కారం.

ఫోను చేస్తే మీరు "ఊఁ" అని, "సరే" అని పెట్టేస్తారు. కాగితం మీద మాత్రం మా అన్నయ్య నోటికి తాళం ఉండదని అమ్మ అంటుంది. అందుకే ఈ ఉత్తరం.

ఈ ఏడు నాకు ఐదో తరగతి పిల్లలకి ప్రకృతి చిత్రాలు వేయడం నేర్పే పని ఇచ్చారు. దాని వెనక పెద్ద కథ ఉంది. కొండల బొమ్మలకి పేరు మోసిన చిత్రకారుడు, కీర్తిశేషులు కొండలాయన కూతురు మా బడికి రంగుల పెట్టెలూ, వాళ్ల నాన్నగారి జీవితం మీద పిల్లల కోసం వేయించిన పుస్తకాలూ పంపారు. ఆయన జీవితం చెబుతూ బొమ్మలు నేర్పాలని ఆవిడ కోరిక. వానలు వెలిశాక ప్రదర్శన పెడతాం, ఆవిడ వస్తారు. నచ్చితే ఈ తరగతి ఎప్పటికీ ఉంటుంది. నచ్చకపోతే బొమ్మల పీరియడు మళ్లీ లెక్కల వాళ్లకి పోతుంది, నేను హాజరు పట్టీలు చూసుకోవాలి. మా హెడ్మిస్ట్రెస్ ఆ మాట చాలా మర్యాదగా చెప్పారు.

ఇప్పటికి తరగతిలో పని సాగడం లేదు. బొమ్మ వేయమంటే పిల్లలందరూ ఒకటే వేస్తారు: రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కింద నాలుకలాగా బయటికొచ్చిన నది, ఒక ఇల్లు. కిటికీలోంచి చూస్తే నిజం కొండే కనబడుతుంది. దాని వంక ఒక్కరూ చూడరు. కొండలాయన గురించి చదివి వినిపిస్తే పరీక్షకి వచ్చే పాఠమనుకుని చేతులు కట్టుకుంటారు.

బొమ్మల కాలేజీలో మీరూ ఆయనా ఒకే గదిలో ఉండేవారని అమ్మ చెప్పింది. మీరెప్పుడూ ఆయన మాట ఎత్తగా నేను వినలేదు. పుస్తకంలో లేనివి, పిల్లలకి చెప్పదగినవి నాలుగు రాస్తారా? పుస్తకం కూడా పంపుతున్నాను.

మీ మేనకోడలు


మేడ మీది గది

అమ్మాయీ,

పుస్తకం అందింది. కాగితం మంచిది.

ఇక అందులో రాసినదాని గురించి. ఎర్ర పెన్సిలుతో మొదలుపెట్టాను. సగంలో పెన్సిలు అరిగిపోయింది. మహనీయుల జీవితాలు రాసేవాళ్లని నేను చాలామందిని చదివాను. మనిషిని చంపి, కడిగి, పౌడరు రాసి కుర్చీలో కూర్చోబెడతారు. ఈ పుస్తకం రాసినవాడు పౌడరు కొంచెం ఎక్కువ రాశాడు.

"చిన్ననాటి నుంచే శిఖరాలు అధిరోహించేవారు" అట. వాడికి ఎత్తంటే భయం. మా గదిలో బల్బు పోతే స్టూలెక్కి మార్చలేకపోయేవాడు. చీకట్లో కూర్చుని నా కోసం ఎదురు చూసేవాడు. కొండ ఎక్కడం కాదు, గట్టు మీద నిలబడితే పక్కవాడి మోచెయ్యి పట్టుకునేవాడు. అందుకే వాడి బొమ్మల్లో కొండలన్నీ కింద నుంచి చూసినట్టు, మీద పడేటంత పెద్దగా ఉంటాయి. దాన్ని విమర్శకులు "వినయం" అన్నారు. నా భయాలకి అంత మంచి పేరు ఎవరూ పెట్టలేదు.

రెండోది. "నిర్మానుష్యమైన దారుల్లో మహా ఏకాంతాన్ని చిత్రించారు." వాడికి మనుషుల్ని గీయడం రాదు. చేతులు వేస్తే అరటిపళ్ల అత్తంలా వచ్చేవి, మడమలు అసలు వచ్చేవి కావు. అందుకని దారిలోంచి మనుషుల్ని తీసేశాడు. ఆ ఏకాంతం మీద ఒకాయన నూరు పేజీల వ్యాసం రాసి పదవి సంపాదించుకున్నాడు.

నేను ముప్ఫై ఏళ్లు ప్రెస్సులో భూగోళం పుస్తకాలకి పటాలు గీశాను. నేను గీసిన నదుల పేర్లు రాయలేక దెబ్బలు తిన్నవాళ్లు దేశం నిండా ఉన్నారు. ఆ నది ఎవడు గీశాడని ఒక్కడూ అడగలేదు. వాడు మాత్రం ఒక కొండని నలభై సార్లు వేసి కొండలాయన అయ్యాడు.

ఇవి చెప్పు మీ పిల్లలకి. పౌడరు రాలుతుంది.

మామయ్య


బడి, బొమ్మల గది

మామయ్యకి,

చెప్పాను. మీరు అనుకున్నది జరగలేదు, క్షమించాలి.

స్టూలు సంగతి చెప్పగానే తరగతి అంతా నవ్వింది. తర్వాత ఒక్కొక్కరూ వాళ్లకి దేనికి భయమో చెప్పడం మొదలుపెట్టారు. ఒకడికి బావి, ఒకమ్మాయికి వాళ్ల పెద్దనాన్న తుమ్ము. అంత భయస్తుడు అంత పెద్ద కొండలు వేశాడా అని వాళ్లకి ఆశ్చర్యం. మనుషుల్ని గీయడం రాకపోయినా పరవాలేదన్న మాట విని గట్టిగా ఊపిరి వదిలినవాళ్లు సగం మంది. నదీ ఇల్లూ మాయమయ్యాయి. కిటికీ దగ్గర తోపులాట మొదలైంది. కొండ వంక చూస్తున్నారు మామయ్యా. నేను మూడు వారాలు అరిచినా జరగనిది.

మిమ్మల్ని "ఉత్తరాల తాత" అంటున్నారు. మళ్లీ ఉత్తరం వచ్చిందా అని రోజూ అడుగుతారు. మా తరగతిలో ఒక పిల్ల ఉంది, అందరూ ప్రశ్నల పిట్ట అంటారు. దానికి బొమ్మ కన్నా ముందు సంగతి తేలాలి. "ఆయన చీకట్లో కూర్చుంటే, మరి బల్బు ఎవరు మార్చేవారు?" అని అడిగింది. ఉత్తరాల తాతే అన్నాను. "అయితే తాతకి భయం లేదా?" అంది. నాకు తెలియదన్నాను.

ఇప్పుడు చిక్కు రంగుల దగ్గర. ఆకు అంటే పచ్చ, ఆకాశం అంటే నీలం, మట్టి అంటే గోధుమ. పెట్టెలో ఉన్న రంగు పెట్టెలో ఉన్నట్టే కాగితం మీదికి వస్తోంది. కొండలాయన కొండల్లో ఊదా, బూడిద, ఒక రకం గులాబీ కూడా ఉంటాయి కదా. ఆయన అవి ఎలా చూసేవారు? పుస్తకంలో "దివ్యదృష్టి" అని ఉంది. దాన్ని నేనెలా నేర్పను?

మీ మేనకోడలు


మేడ మీది గది

అమ్మాయీ,

నేను కాకరకాయ పంపితే నువ్వు బెల్లం పెట్టి వడ్డించావు. ఇది మీ అమ్మ గుణం.

దివ్యదృష్టి సంగతి చెబుతాను విను. ఈసారి నవ్వి ఊరుకోవడానికి వీల్లేనిది.

ఆదివారం పొద్దున్న ఊరి చివర రాతి క్వారీ దగ్గరికి వెళ్లేవాడు. కొండకి వీపు తిప్పి, కాళ్లు బారగా చాపి నిలబడి, నడుము వంచి, తల కిందికి దించి, కాళ్ల సందులోంచి కొండని చూసేవాడు. మీ మహానుభావుడి దివ్యదృష్టి అదీ. అలా వంగినప్పుడు మనిషిలో అన్నిటికన్నా ఎత్తైన భాగం ఏదో నీకు చెప్పక్కర్లేదు. చొక్కా జారి మొహం మీద పడేది. జేబులోని పెన్సిళ్లన్నీ రాళ్ల మధ్యకి రాలిపోయేవి. పాలవాడు సైకిలు ఆపి, ఏం పోగొట్టుకున్నావు బాబూ అని అడిగేవాడు. వంగినవాడు వంగినట్టే, "పచ్చదనం" అనేవాడు. పాలవాడు కూడా ఆగి కాసేపు వెతికేవాడు.

అలా చూస్తే ఏమవుతుందంటే, కొండ కొండలా ఉండదు. తల అన్నిటికీ పెట్టుకున్న పేర్లు ఊడిపోతాయి. ఆకాశం అడుగున పరిచిన నీళ్లలా ఉంటుంది, కొండ అందులోకి వేలాడుతున్న తడి బట్టలా ఉంటుంది. పచ్చ అనుకున్నది ఊదా అని అప్పుడు తెలుస్తుంది. రాయి నీడలో గులాబీ ఉంటుంది. ఎక్కువ సేపు ఉండదు. తల తిరుగుతుంది, కణతలు కొట్టుకుంటాయి, లేచి నిలబడగానే మళ్లీ పాత పచ్చ కొండ.

కూతురుగారు వచ్చినప్పుడు ఈ భంగిమ కూడా ప్రదర్శనలో పెట్టండి.

మామయ్య


బడి, బొమ్మల గది

మామయ్యకి,

పెట్టాం. ప్రదర్శన కన్నా ముందే.

మీ ఉత్తరం చదవడం పూర్తి కాకుండానే తరగతి తరగతంతా ఆటస్థలంలోకి పరిగెత్తింది. కొండకి వీపు తిప్పి అందరూ వంగారు. వరండాలోకి వచ్చిన హెడ్మిస్ట్రెస్ పిల్లలందరికీ ఒకేసారి కడుపునొప్పి వచ్చిందనుకుని నర్సుని పిలిపించారు. నేనూ వంగి ఉండటం వల్ల ఆవిడ రావడం చూడలేదు. లేచేసరికి ఎదురుగా ఆవిడ చెప్పులు కనబడ్డాయి.

కానీ మామయ్యా, ఆ మధ్యాహ్నం వేసిన బొమ్మలు మీరు చూడాలి. రోడ్డు ఊదాగా ఉందని ఒకడు కేక పెట్టాడు. నీళ్ల ట్యాంకు నీడ నీలం కాదు, నలుపు కాదు, మరి ఏమిటని ఇద్దరు పిల్లలు కొట్లాటకి దిగారు. రంగుల పెట్టెలో మూతలన్నీ మొదటిసారి మురికి అయ్యాయి.

ఇంకొకటి చెప్పాలి. ప్రశ్నల పిట్ట కొండ వేసింది. దాని ముందు, మన వైపు తల పెట్టి వంగి ఉన్న మనుషుల్ని వేసింది. వంగితే మొహం కాళ్ల మధ్యకి పోతుంది కాబట్టి గీయక్కర్లేదట, అందుకని ధైర్యం చేసిందట. దూరం నుంచి చూస్తే పెద్ద కొండ ముందు రెండు చిన్న గుట్టల్లా ఉన్నాయి. రెండు, మామయ్యా. ఒకాయనే కదమ్మా, ఇద్దర్ని వేశావేం అని అడిగాను. నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూసింది.

"తాతకి తలకిందులు కొండ ఎలా ఉంటుందో తెలుసు కదా టీచర్. వంగకపోతే ఎలా తెలుస్తుంది?"

ఇంటికి వచ్చి మీ ఉత్తరం మళ్లీ చదివాను. కణతలు కొట్టుకుంటాయని రాశారు. అది చూసి తెలుసుకునే సంగతి కాదు.

మీ మేనకోడలు


మేడ మీది గది

అమ్మాయీ,

ఆ పిల్లని బొమ్మల్లో ఉంచకు. కోర్టులో పెట్టు.

సరే. ఉన్నాను. మూడేళ్లు, ప్రతి ఆదివారం. మా కాలేజీలో ఒక ముసలి మాస్టారు ఉండేవాడు. ఇద్దర్నీ నిలబెట్టి అందరి ముందూ చెప్పాడు: వీడికి కన్ను ఉంది, చెయ్యి లేదు. ఇటు తిరిగి, నీకు చెయ్యి ఉంది, కన్ను లేదు. ఆ ముసలాడు పోయాడు, నేను బతికున్నాను, కానీ ఆ మాట కూడా బతికే ఉంది. కన్నున్నవాడు చేతిని నేర్చుకోనక్కర్లేకుండా కొండలు వేసుకున్నాడు. చేతికి ప్రెస్సులో ఉద్యోగం దొరికింది.

అందుకు నాకు బాధ లేదు. ఉంది, కానీ అందుకు కాదు.

వాడికి పెద్ద సన్మానం చేశారు. నన్ను పిలవలేదు. పత్రికలో చూసి వెళ్లాను, వెనక వరసలో కూర్చున్నాను. వాణ్ణి మాట్లాడమన్నారు. వాడు లేచి, "నాకు గురువు లేడు, తోడు లేడు. కొండా నేనూ, అంతే" అన్నాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. నా పక్కాయన కళ్లు తుడుచుకున్నాడు. నేను మధ్యలో లేచి వచ్చేశాను. ఆ తర్వాత వాడు పోయేదాకా వాడి మొహం చూడలేదు. నువ్వు పంపిన పుస్తకంలో ఆ మాటే మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంది. నా పెన్సిలు విరిగింది అక్కడ. అరగలేదు.

కాబట్టి ఆ బొమ్మలో రెండో మనిషిని తీసెయ్యమను. వాడు నోటితో చెరిపేసినవాణ్ణి. ఇన్నాళ్లకి పిర్రల దారిన చరిత్రలోకి రానక్కర్లేదు.

మామయ్య


బడి, బొమ్మల గది
వానలు వెలుస్తున్నాయి

మామయ్యకి,

మీ ఉత్తరం అందింది. జవాబు రాసేలోపు ఇక్కడ గొడవ అయింది.

ప్రదర్శన ఏర్పాట్లు చూడటానికి కొండలాయన కూతురు ముందుగా వచ్చారు. నెమ్మదైన మనిషి, మీ కన్నా పాతికేళ్లు చిన్న ఉంటారేమో. బొమ్మలన్నీ ఇష్టంగా చూశారు. ప్రశ్నల పిట్ట బొమ్మ దగ్గర ఆగి, ఇదేమిటన్నారు. చెప్పాను. ఆవిడ మొహం మాడిపోయింది. "నాన్నగారు అలా చేయగా నేనెప్పుడూ చూడలేదు. పుస్తకంలో లేదు. ఎవరు చెప్పారు మీకు?" అన్నారు. నేను మీ పేరు చెప్పలేదు. తీసెయ్యమని మీరు రాసిన మనిషిని నేనెలా బయటపెట్టను?

హెడ్మిస్ట్రెస్ నన్ను గదిలోకి పిలిచారు. అంత పెద్దాయన్ని వెక్కిరిస్తూ పిల్లల చేత బొమ్మ వేయించానన్నారు. కళ్లతో చూసినవాళ్లెవరైనా చెబితే సరే, లేకపోతే బొమ్మ దిగాలి, నేను రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి, తరగతి సంగతి ఇక అడగక్కర్లేదు అన్నారు. ఆ పిల్లని కూడా పిలిచి తప్పయిందని చెప్పమన్నారు. "నేను అబద్ధం గీయలేదు" అంది. అంతే అంది. నాలుగు రోజులుగా తరగతిలో ప్రశ్న అడగడం లేదు. చెయ్యెత్తబోయి దించేసుకుంటోంది.

రెండో మనిషిని తీసెయ్యమన్నారు. తెల్లరంగు కలిపి బ్రష్షు కూడా పట్టుకున్నాను. కానీ ఆయన్ని తీసేస్తే చూసినవాడు ఉండడు మామయ్యా. చూసినవాడు లేకపోతే మొదటి మనిషి కూడా అబద్ధమే.

మిమ్మల్ని ఏమీ అడగడం లేదు. శనివారం దాకా బొమ్మ గోడ మీద ఉంటుంది.

మీ మేనకోడలు


మేడ మీది గది

హెడ్మిస్ట్రెస్‌గారికి,
(నకలు: మా మేనకోడలికి. చదివి కూతురుగారికి ఇవ్వవలసినది.)

అయ్యా అని రాయబోయాను, అమ్మా అని దిద్దుకున్నాను. ప్రెస్సు అలవాటు.

మీ గోడ మీద ఉన్న బొమ్మలో ఎడమ వైపు వంగి ఉన్నది నేను.

కుడి వైపు వంగి ఉన్నది ఎవరో మీకు తెలుసు. ఆయన గౌరవం కాపాడటానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి జీతాలు కూడా ఉన్నాయి. ఆయనతో నాకు మాటలు లేక ఎన్నో ఏళ్లయింది, ఇక రావు కూడా. ఆయన గురించి మంచి చెప్పడానికి నాకు కారణం లేదని గుర్తుంచుకుని మిగతాది చదవండి.

ఆ పద్ధతి వెక్కిరింపు కాదు. ఆయన రంగులన్నీ అక్కడి నుంచి వచ్చాయి. వంగి చూసి, లేచి, మరిచిపోయే లోపల గబగబా వేసేవాడు. మళ్లీ వంగేవాడు. ఆ కొండని నలభై సార్లు వేశాడంటే కొన్ని వందల సార్లు వంగాడు. నడుము నొప్పితో రాత్రిళ్లు మూలిగేవాడు. దీన్ని దివ్యదృష్టి అని రాసుకోవడం మీ ఇష్టం.

ఈ ఉపాయం ఎవరు కనిపెట్టారని అడగవచ్చు. నేనే అని రాయడానికి ఇంతకన్నా మంచి అవకాశం నాకు రాదు, కాదనడానికి మనిషి కూడా లేడు. కానీ అది అతనిదే. నేను పక్కన వంగాను, అతను చూసిన ఊదానే చూశాను, గదికి వచ్చి పచ్చ వేశాను. అదీ మా ఇద్దరికీ తేడా.

నా మాట నమ్మడానికి ఆధారం కావాలి. కూతురుగారు ఇంటికి వెళ్లి నాన్నగారి పాత బొమ్మల ఫ్రేములు వెనక్కి తిప్పి చూడాలి. కొక్కేలు పైన మాత్రమే కాదు, కింద కూడా ఉంటాయి. బొమ్మ అయ్యాక దాన్ని కొన్నాళ్లు తలకిందులుగా వేలాడదీసి చూసేవాడు. అలా నిలిచిన బొమ్మనే ఉంచుకునేవాడు, మిగతావి గోకేసేవాడు. గోడకి ఆ మేకులు కొట్టింది నేను. ఎందుకంటే స్టూలు ఎక్కాలి.

చివరి మాట. ఆ పిల్ల నన్ను ఎప్పుడూ చూడలేదు. అయినా నేనక్కడ ఉన్నానని కనిపెట్టింది. అలాంటి పిల్ల చేత క్షమాపణ చెప్పించుకునే బడి మూసేసినా నష్టం లేదు.

పటాలు గీసినవాడు


బడి, బొమ్మల గది

మామయ్యకి,

మీ చివరి వాక్యాన్ని హెడ్మిస్ట్రెస్ రెండుసార్లు చదివారు. తర్వాత కళ్లజోడు తుడుచుకున్నారు. కోపమో ఏమో తెలియదు.

కూతురుగారు శనివారం వచ్చారు. చేతిలో గుడ్డ చుట్టిన ఫ్రేము ఉంది. నేరుగా ప్రశ్నల పిట్ట దగ్గరికి వెళ్లి, ఫ్రేముని తిప్పి చూపించారు. పైన రెండు కొక్కేలు, కింద రెండు, తుప్పు పట్టి ఉన్నాయి. ఫ్రేములు కట్టినవాడు పొరపాటు చేశాడని ఇంట్లో అనుకునేవారట. కొన్నిటికి పీకించేశారట కూడా. ఆ బొమ్మని ఆవిడే గోడకి తలకిందులుగా తగిలించారు. ఎదురుగా నిలబడి చూశారు. పిల్లలు మాత్రం దాన్ని సరిగ్గా చూడటానికి వంగారు.

మా తరగతి ఉంటుంది. లెక్కల మాస్టారు నాతో మాట్లాడటం లేదు.

వెళ్లేటప్పుడు ఆవిడ ఒక మాట చెప్పారు. మీకు చెప్పమని అనలేదు, నేనే చెబుతున్నాను. వాళ్లింట్లో బల్బు పోతే నాన్నగారు చివరిదాకా చీకట్లోనే కూర్చునేవారట, కూతురు వచ్చి మార్చేదాకా. ప్రతిసారీ ఒకటే మాట అనేవారట, "వాడుంటే మార్చేవాడు" అని. వాడెవడు నాన్నా అని అడిగితే కిటికీలోంచి బయటికి చూసేవారట. మీ ఉత్తరం చదివాక తనకి తెలిసిందన్నారు. పుస్తకం మళ్లీ అచ్చు వేసేటప్పుడు మొదటి పేజీ మారుస్తానన్నారు.

ఈ రోజు ప్రశ్నల పిట్ట చెయ్యెత్తింది. తాత ఇప్పుడు కూడా వంగగలడా అని అడుగుతోంది.

మీ మేనకోడలు


మేడ మీది గది

అమ్మాయీ,

వంగలేను. మంచం మీద వెల్లకిలా పడుకుని తల అంచు మీంచి వేలాడేసి కిటికీలోంచి వీధి చూశాను. ఎదురింటి గోడకి ఇన్నేళ్లుగా గోధుమరంగు అనుకున్నాను. కాదు. లేచేటప్పుడు మెడ పట్టేసింది, మీ అమ్మకి చెప్పకు.

"వాడుంటే మార్చేవాడు" అన్నాడా. అంటే నలుగురి ముందు తోడు లేదు, చీకట్లో మాత్రం ఉన్నాను. దీన్ని క్షమించాలని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. నేను ఇంకా ఏమీ అనుకోలేదు. మొదటి పేజీ మార్చవద్దని చెప్పు. వాడు అన్న మాట వాడిది, అలాగే ఉండనీ. కింద ఆ పిల్ల బొమ్మ వేయమను, చాలు.

కానీ ఆ బొమ్మలో ఒక తప్పు ఉంది. రెండు గుట్టల్లా ఉన్నాయని రాశావు కాబట్టి ఇద్దరి చేతులూ మోకాళ్ల మీదే వేసి ఉంటుంది. వాడు రెండు చేతులతో మోకాళ్లు పట్టుకోకపోతే పడిపోయేవాడు. చొక్కా మొహం మీద పడేదని రాశాను కదా. మరి కొండ ఎలా కనబడింది? అంత తెలివైన పిల్ల ఇది అడగలేదేం?

ఎడమ వైపు వాడి ఎడమ చెయ్యి మోకాలి మీద ఉండకూడదు. పక్కవాడి చొక్కా అంచు పట్టుకుని ఉండాలి. మూడేళ్లూ అలాగే పట్టుకున్నాను.

ఆ పిల్ల చేతులు గీయడం రాదంటుందేమో. ఆదివారం తీసుకురా. పెన్సిళ్లు చెక్కి ఉంచుతాను.

మామయ్య